నాచు తొట్టి ఖర్చు ఎవరు భరించాలి?

ఉప్పునీటి తొట్టిలో కిలో చేప తయారు కావాలంటే రెండు కిలోలకు కాస్త అటూ ఇటూగా మేత పడుతుంది. మేతలో 40 శాతం మాంసకృత్తులు ఉన్నాయనుకుంటే, ఆ రెండు కిలోలతో నీళ్లలోకి దిగే నత్రజని సుమారు 128 గ్రాములు. చేప ఒంటికి పట్టేది అందులో 30 గ్రాముల లోపే. తక్కిన వంద గ్రాముల్లో కొంత తినకుండా మిగిలిన మేతగా, పెంటగా అడుగున పేరుకుంటుంది. ఎక్కువ భాగం చేప మొప్పల గుండా అమ్మోనియాగా బయటికొచ్చి నీళ్లలో కరిగిపోతుంది. సాగు ఖర్చులో అతి పెద్ద పద్దు మేతే. ఆ మేతలోని నత్రజనిలో నాలుగింట మూడు వంతులు కాలువ పాలవుతోందంటే కాలుష్యం సంగతి అటుంచి, రైతు లెక్కలోనూ అది నికరమైన నష్టమే.

సాగు పెరిగేకొద్దీ ఈ నష్టమూ పెరుగుతోంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) లెక్కల ప్రకారం 2022లో తొలిసారిగా వేటలో దొరికిన జలచరాల కన్నా సాగులో పెరిగినవే ఎక్కువయ్యాయి. ఆ ఏడాది సాగు దిగుబడి 9.44 కోట్ల టన్నులు, మొత్తం జలచరాల ఉత్పత్తిలో 51 శాతం. అదే ఏడాది ప్రపంచంలో సముద్రపు నాచు, ఇతర శైవలాల ఉత్పత్తి 3.78 కోట్ల టన్నులు. చేపకు విషమైన అమ్మోనియా నాచుకు ఎరువు. నాచు పగటిపూట వదిలే ప్రాణవాయువు చేపకు అవసరం. అయినా ఈ రెండు సాగులూ చాలాచోట్ల ఒకదానితో ఒకటి పొత్తు లేకుండానే సాగుతున్నాయి.

రెండింటికీ ఒకే నీటిని తిప్పాలన్న ఆలోచన నిన్నమొన్నటిది కాదు. 1970లలో అమెరికాలోని వుడ్స్ హోల్‌లో జాన్ రైథర్ పట్టణ మురుగునీటితో సూక్ష్మ శైవలాలను, వాటితో ఆల్చిప్పలను, ఆ తర్వాత మిగిలిన నీటితో సముద్రపు నాచును పెంచే వరుసను ప్రయోగించి చూపారు. తర్వాతి దశాబ్దాల్లో ఇజ్రాయెల్, కెనడా, పోర్చుగల్, దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు దాన్ని మరింత ముందుకు తీసుకెళ్లారు. కెనడాలోని ఫండీ అఖాతంలో సాల్మన్ కేజ్‌ల (సముద్రంలో కట్టే వల పంజరాల) పక్కన కెల్ప్ నాచును, మసెల్ ఆల్చిప్పలను పెంచిన థియరీ షోపాన్ బృందం, విడిగా పెంచినప్పటికంటే నాచు 46 శాతం, ఆల్చిప్పలు 50 శాతం వేగంగా పెరిగాయని తేల్చింది. ఇంత జరిగినా తొట్లలో చేపనూ నాచునూ జతగా పెంచి వ్యాపారంగా నిలదొక్కుకున్న క్షేత్రాలు చాలా తక్కువ. నాచు నీళ్లను శుభ్రం చేస్తుందా అన్న ప్రశ్నకు శాస్త్రం ఎప్పుడో అవునంది. శుభ్రం చేసినందుకు డబ్బెవరిస్తారన్న ప్రశ్న దగ్గరే బండి ఆగింది.

రెండు కణాల మందం

ఈ కథ అర్థం కావాలంటే ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న ఎయిలాట్‌ను చూడాలి. అకాబా సింధుశాఖ కొసన ఉన్న ఈ ఇజ్రాయెల్ పట్టణం ముందు, పగడపు దిబ్బలకు చేరువలో, ఒకప్పుడు సముద్రంలో కేజ్‌లు కట్టి సీబ్రీమ్ చేపలు పెంచేవారు. చేపల పెంట పగడాలను దెబ్బతీస్తోందా లేదా అని శాస్త్రవేత్తలు, పర్యావరణవేత్తలు, పెంపకందార్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. చివరికి ప్రభుత్వం కేజ్‌లను తొలగించాలని నిర్ణయించింది. 2008 నాటికి అవి అక్కడ లేకుండా పోయాయి. అదే ఊళ్లోని జాతీయ సముద్ర జలసాగు కేంద్రంలో అమీర్ నియోరీ, మూకీ ష్పీగల్ వంటి పరిశోధకులు అంతకు చాలా ముందు నుంచే రెండో దారి వెతుకుతున్నారు. చేపను ఒడ్డు మీది తొట్లలోకి తెచ్చి, ఆ నీటిని నాచు తొట్ల గుండా పంపడమే ఆ దారి.

వాళ్లు ఎంచుకున్న నాచు అల్వా. సముద్రపు ఒడ్డున రాళ్లకు అంటుకుని లేత ఆకుపచ్చ పాలకూరలా కనిపించే మొక్క. దాని ఆకు మందం రెండంటే రెండు కణాలు. అంటే ఆకులోని ప్రతి కణమూ నీటిని తాకుతూనే ఉంటుంది, నేరుగా నీటి నుంచే అమ్మోనియాను పీల్చుకుంటుంది. చేపల తొట్టి నుంచి వచ్చే నీరు అల్వా తొట్టిలోకి చేరుతుంది. అడుగున వేసిన గొట్టాల నుంచి గాలి బుడగలు ఎగదన్నుతుంటే ఆకులు పైకీ కిందికీ దొర్లుతుంటాయి. ఆ దొర్లడం వల్లే ప్రతి ఆకుకూ వంతులవారీగా ఎండ తగులుతుంది. పెరిగినదాన్ని ఎప్పటికప్పుడు తీసేసి, తొట్టికి చాలినంత నాచునే ఉంచుతారు. కోయడం ఆలస్యమైతే ఆకులు ఒకదాని మీద ఒకటి కమ్ముకుని కుళ్లుతాయి. అప్పుడు పీల్చుకున్న నత్రజని తిరిగి నీళ్లలోకే వస్తుంది.

బ్యాక్టీరియాతో నీటిని శుద్ధి చేసే మామూలు వడపోత కన్నా ఈ పద్ధతి ఒక విషయంలో మెరుగు. బ్యాక్టీరియా ప్రాణవాయువును ఖర్చు చేసి అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తుంది. విషం తగ్గుతుంది గానీ నత్రజని నీళ్లలోనే ఉంటుంది. నాచు మాత్రం నత్రజనిని మాంసకృత్తులుగా మార్చి తనలో దాచుకుంటుంది. నాచును తీసిన ప్రతిసారీ నత్రజని నీటిలోంచి శాశ్వతంగా బయటికొస్తుంది. పైగా పగలంతా ప్రాణవాయువు విడుదలవుతుంది, చేపలు వదిలే బొగ్గుపులుసు వాయువు ఖర్చవుతుంది.

చేపనూ నాచునూ నిజంగానే ఒకే తొట్టిలో వేస్తే చిక్కులు మొదలవుతాయి. కొన్ని చేపలు నాచును తినేస్తాయి. నాచు దట్టంగా ఉంటే మధ్యాహ్నానికి నీటి పీహెచ్ పెరిగి, మిగిలి ఉన్న కాస్త అమ్మోనియా కూడా మరింత విషపూరితమైన రూపంలోకి మారుతుంది. చీకటి పడ్డాక నాచు కూడా చేపతో పోటీపడి ప్రాణవాయువు పీలుస్తుంది. చేపకు పరాన్నజీవులు పట్టాయని రాగి కలిసిన మందు వేస్తే ముందు చచ్చేది నాచే. అందుకే నీరు ఉమ్మడిదైనా తొట్లు వేరుగా ఉండాలి. వ్యాధి వచ్చినప్పుడు చేపల తొట్టిని మిగతావాటి నుంచి విడగొట్టే వీలుండాలి.

2004లో నియోరీ, షోపాన్ సహా పలువురు కలిసి ప్రచురించిన సమీక్షలో ఒక నమూనా లెక్క ఉంది. ఒక హెక్టారు క్షేత్రంలో కాలుష్యం బయటికి పోకుండా ఏడాదికి 55 టన్నుల సీబ్రీమ్ పండించాలంటే, దాంతోపాటే 385 టన్నుల పచ్చి నాచు పండుతుంది. కిలో చేపకు ఏడు కిలోల నాచు అన్నమాట. ఈ ఏడు కిలోలే మొత్తం వ్యవహారానికి కీలకం. చేపల రైతుగా మొదలైనవాడు బరువులో చూస్తే నాచు రైతుగా తేలతాడు. క్షేత్రంలో ఎక్కువ భాగం నాచుకే పోతుంది. ఆ పచ్చి నాచులో అత్యధిక భాగం నీరే కాబట్టి ఆరబెట్టాలి, నిల్వ చేయాలి, కొనేవాణ్ని వెతుక్కోవాలి. అల్వా నుంచి అగార్ రాదు, క్యారాజీనన్ రాదు. నాచు నుంచి తీసే ఆ జిగురు పదార్థాలకు పరిశ్రమల్లో పెద్ద బజారు ఉంది.

ఎక్కడ నిలబడింది

జత సాగు నిలబడిన చోట్లను గమనిస్తే ఒక పోలిక కనిపిస్తుంది. దక్షిణాఫ్రికా తీరంలో అబలోన్ అనే ఖరీదైన సముద్రపు నత్తను తొట్లలో పెంచుతారు. నాచే దాని తిండి. సముద్రంలో కెల్ప్ కోతకు పరిమితులు ఉండటంతో పెంపకందార్లు తమ తొట్ల నుంచి వచ్చే మురికి నీటిలోనే అల్వా పెంచి, అదే అల్వాను మళ్లీ నత్తలకు వేయడం మొదలుపెట్టారు. కొన్నిచోట్ల సగం నీటిని నాచు తొట్ల గుండా తిప్పి మళ్లీ వాడుకుంటున్నారు. దానివల్ల సముద్రం నుంచి నీళ్లు తోడే కరెంటు ఖర్చు కూడా తగ్గుతుంది. అక్కడ నాచుకు బయట బజారు వెతకాల్సిన పని లేదు. పండించినవాడే కొనుగోలుదారు.

పోర్చుగల్‌లో రియా దె అవైరు తీరాన ఇల్హావులో 2012లో మొదలైన ఆల్గాప్లస్ సంస్థ రెండో దారి పట్టింది. సీబ్రీమ్, సీబాస్ పెంచే క్షేత్రం నుంచి వచ్చే నీటితో తొట్లలో నాచు పెంచి, తినే సరుకుగా అమ్ముతోంది. ఐరోపాలో నాచుకు మంచి ధర పెట్టే వంటశాలలు, సౌందర్య సాధనాల తయారీదార్లు ఉన్నారు కాబట్టే అది సాధ్యమైంది. డెన్మార్క్‌ది ఇంకో తీరు. అక్కడ సముద్రపు చేపల క్షేత్రం ఎంత నత్రజని వదలవచ్చో అనుమతి పత్రంలోనే పరిమితి ఉంటుంది. పరిమితి దాటి చేపలు పెంచాలంటే మరో వైపు నత్రజనిని తగ్గించి చూపాలి. అందుకే హోర్సెన్స్ ఫియోర్డ్‌లో ఒక క్షేత్రం ఆల్చిప్పలూ నాచూ పెంచే ప్రయత్నం చేసింది.

ఈ మూడింటిలో దేన్ని తీసుకున్నా, పెంపకందారును నాచు వైపు నెట్టింది పర్యావరణం మీద ప్రేమ ఒక్కటే కాదు. ఒకచోట మేత అవసరం, ఇంకోచోట బజారు, మరోచోట చట్టం. మూడింటిలో ఒక్కటీ లేని చోట నాచు తొట్టి అదనపు ఖర్చు. ఎరువుల కర్మాగారం పొగ గొట్టానికి వడపోత పెట్టుకున్నట్టే: చట్టం అడగకపోతే ఎవరూ సొంత డబ్బుతో పెట్టరు.

బహిరంగ సముద్రంలోనూ ఇబ్బందులు తక్కువేం లేవు. కేజ్ చుట్టూ నీరు ఎటుపడితే అటు కదులుతుంది. కరిగిన అమ్మోనియా నాచును తాకకముందే చెదిరిపోవచ్చు. చలి దేశాల్లో కెల్ప్ శీతాకాలంలో, వసంతంలో ఎదుగుతుంటే, చేప ఎక్కువ మేత తినేది వేసవిలో. తొట్లలో ఈ సమస్య లేదు. నీరు గొట్టంలో ఉంటుంది కాబట్టి ఎంత నత్రజని వచ్చింది, ఎంత పోయింది అని కొలవవచ్చు. దానికి మూల్యం పంపుల కరెంటు, ఒడ్డున భూమి. ఎవరి బాధ్యత ఎంతో తేల్చాలంటే కొలత కావాలి. కొలత కావాలంటే తొట్టే మేలు.

మన తీరంలో లెక్క

భారతదేశంలో ఈ పద్ధతికి గట్టి ఆధారం తమిళనాడులోని పాక్ అఖాతంలో దొరికింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం కేంద్రం కోబియా చేపల కేజ్ చుట్టూ వెదురు తెప్పల మీద కప్పాఫైకస్ నాచు కట్టించింది. 45 రోజుల పంటకు మామూలు తెప్ప మీద 150 కిలోల నాచు వస్తే, కేజ్ పక్కన కట్టిన తెప్ప 260 కిలోల దాకా ఇచ్చింది. అదనపు ఆదాయం మత్స్యకార మహిళల చేతికి వచ్చింది. అక్కడ కొనేవాళ్లు ముందే ఉన్నారు, ఎందుకంటే కప్పాఫైకస్ నుంచి క్యారాజీనన్ వస్తుంది. అయితే కప్పాఫైకస్ మన సముద్రానికి బయటి నుంచి వచ్చిన జాతి. మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర అది పగడాల మీదికి పాకిన అనుభవం కూడా మనకుంది.

ఆంధ్ర తీరానికి ఈ నమూనాను యథాతథంగా తేలేం. గోదావరి, కృష్ణ నుంచి వర్షాకాలంలో దిగే మంచినీటికి తీరం దగ్గర ఉప్పదనం పడిపోతుంది. తుపాన్ల సంగతి చెప్పనక్కర్లేదు. కొల్లేరు చుట్టూ కట్ల, రోహు పెంచే చెరువులు మంచినీటివి, అక్కడ సముద్రపు నాచు బతకదు. 2009 తర్వాత విస్తరించిన వనామీ రొయ్యల చెరువుల్లోనూ చాలావాటిలో ఉప్పదనం అంతంత మాత్రమే. సముద్రపు నాచు అన్ని చెరువుల జబ్బుకూ మందని ఎవరైనా చెబితే నమ్మకూడదు.

అయినా సమస్య మాత్రం మన గుమ్మంలోనే ఉంది. ఉప్పునీటి చెరువు రైతును అడిగితే చెబుతాడు. పంట మూడో నెలకు చేరేసరికి అమ్మోనియా ఎక్కువైందని జియోలైట్ బస్తాలు చల్లుతాడు, ప్రోబయాటిక్ కలుపుతాడు, రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతాడు. అప్పటికీ తగ్గకపోతే నీరు మారుస్తాడు. మార్చిన నీరు పోయేది ఉప్పుటేరులోకి. కొత్త నీరు తోడుకునేది కూడా చాలాచోట్ల అదే ఉప్పుటేరు నుంచి. పై చెరువు మురుగు కింది చెరువుకు తాగునీరవుతుంది. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను తుడిచిపెట్టినప్పుడు అది చెరువు నుంచి చెరువుకు పాకిన దారుల్లో ఈ కాలువలూ ఉన్నాయి. నాచు వైరస్‌ను ఆపలేదు. కానీ నీటిని మార్చాల్సిన అవసరాన్ని తగ్గిస్తుంది, కాలువ మీద పడే భారాన్ని తగ్గిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఒక రైతు నాచు పెంచితే బాగుపడేది కింది రైతు చెరువు. ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది అయినప్పుడు ఎవరూ ముందుకు రారు.

చట్టం ఈ సంగతిని ఏనాడో గుర్తించింది. సర్వోదయ నాయకుడు ఎస్.జగన్నాథన్ వేసిన పిటిషన్‌పై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని రొయ్యల చెరువులకు వర్తింపజేసింది. 2005లో కోస్తా జలసాగు ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. దాని మార్గదర్శకాల ప్రకారం 5 హెక్టార్లు, అంతకు మించిన క్షేత్రాలు మురుగునీటి శుద్ధి వ్యవస్థ పెట్టుకోవాలి. 2023 సవరణ నాచు సాగునూ, కేజ్ సాగునూ కోస్తా జలసాగు నిర్వచనంలోకి తెచ్చింది. కానీ మన రైతుల్లో ఎక్కువ మంది 5 హెక్టార్ల లోపు వాళ్లే. అందులోనూ లీజు రైతులు చాలామంది. రెండేళ్ల లీజుకు చెరువు పట్టినవాడు అందులో కొంత భాగాన్ని నాచుకు వదలాలంటే ఎందుకు వదులుతాడు?

ముందు కొలత, తర్వాత సబ్సిడీ

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నాచుకు 640 కోట్ల రూపాయలు కేటాయించారు. ఐదేళ్లలో 11.2 లక్షల టన్నుల ఉత్పత్తి లక్ష్యమన్నారు. ఉత్పత్తి ఆ దరిదాపుల్లోకి కూడా చేరలేదు. తెప్పలు, తాళ్లు, విత్తనం సబ్సిడీ మీద ఇస్తే నాచు దానంతట అదే పండుతుందన్న అంచనా తప్పింది. నాచును చేపకు జోడించే విషయంలోనూ అదే బాట పడితే అదే ఫలితం వస్తుంది. తొట్టి కట్టడానికి డబ్బివ్వడం తేలిక. కట్టిన తొట్టి ఐదో ఏడు కూడా నడవాలంటే రైతుకు దాంతో అవసరం ఉండాలి.

ఆ అవసరాన్ని కల్పించే మొదటి మెట్టు కొలత. దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కొన్న మేత బస్తాల బిల్లులు, బస్తా మీద రాసి ఉండే మాంసకృత్తుల శాతం, పట్టుబడిలో వచ్చిన చేప బరువు, ఈ మూడూ ఉంటే ఎంత నత్రజని బయటికి పోయిందో కాగితం మీదే తేల్చవచ్చు. రాష్ట్ర జలసాగు అభివృద్ధి ప్రాధికార సంస్థ 2020 చట్టంతో ఏర్పడింది. చెరువుల నమోదు చూసే సంస్థ నత్రజని లెక్కనూ అడగడం పెద్ద పనేం కాదు. మొదట్లో జరిమానా వద్దు. లెక్క చూపినవారికి, తగ్గించినవారికి కరెంటు రాయితీలో ప్రాధాన్యం ఇస్తే చాలు. రాయితీ ఇప్పటికే ఇస్తున్నదే, దాన్ని పనితీరుకు ముడిపెట్టడమే కొత్త.

రెండోది, మొదలుపెట్టాల్సిన చోటు చెరువులు కాదు, హ్యాచరీలు. విశాఖ నుంచి నెల్లూరు దాకా ఒడ్డు వెంట ఉన్న హ్యాచరీలు సముద్రపు నీటిని పూర్తి ఉప్పదనంతో గొట్టాల్లో తెచ్చుకుంటున్నాయి. సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విశాఖలో 2007లోనే పండుగప్పతో సముద్రంలో కేజ్ సాగు చేసి చూపింది. ఇప్పుడు పండుగప్ప, పోంపనో చేపలను తీరం వెంట తొట్లలోనూ పెంచవచ్చు. నీరు ఎక్కడ లోపలికొస్తుందో, ఎక్కడ బయటికి పోతుందో తెలిసిన ఇలాంటి చోట్లే నాచు తొట్టి శక్తి నిక్కచ్చిగా తేలుతుంది. కప్పాఫైకస్‌ను తీసుకురాకుండా, మన తీరంలో సహజంగా పెరిగే అల్వా, గ్రాసిలేరియాలతోనే చేయాలి. గ్రాసిలేరియా ఉప్పదనంలో హెచ్చుతగ్గులను కొంతవరకు తట్టుకుంటుంది, దాన్నుంచి అగార్ కూడా వస్తుంది. అక్కడ నెగ్గాక, ఉప్పదనం నిలకడగా ఉండే చెరువుల గుంపులకు కాలువ చివర ఉమ్మడి నాచు చెరువులు వేయవచ్చు. దాని ఖర్చు ఎకరాల లెక్కన రైతులంతా పంచుకోవాలి. లీజు రైతు వాటా భూ యజమాని భరించాలి, ఎందుకంటే కాలువ బాగుపడితే పెరిగేది అతని భూమి విలువే.

మూడోది కొనుగోలు. ఇక్కడ మనకు ఒక అనుకూలత ఉంది. నాచు సారంతో చేసిన ఇఫ్కో సాగరిక వంటి ద్రవాలు తెలుగు రైతులు ఇప్పటికే పొలాల్లో చల్లుతున్నారు. 2021లో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి నాచు సారాలకు జీవ ప్రేరకాల కింద చోటిచ్చింది. అగార్, క్యారాజీనన్ దొరకని అల్వాకు కూడా ఈ దారి, చేపల మేతలో కొంత కలిపే దారి ఉన్నాయి. మేత మిల్లులు ఆంధ్ర తీర జిల్లాల్లోనే ఉన్నాయి. అయితే ఒక షరతు కఠినంగా ఉండాలి. చేపకు వాడిన మందుల అవశేషాలు, భార లోహాలు నాచులోకి చేరతాయి కాబట్టి పరీక్ష చేయని నాచు మేతలోకి గానీ పొలంలోకి గానీ రాకూడదు. యాంటీబయాటిక్ అవశేషాలున్నాయని ఎగుమతి సరుకు వెనక్కి వచ్చిన అనుభవం మన రొయ్యకు ఉంది. ఆ పాఠం నాచుకూ వర్తిస్తుంది.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. ధరల పతనం, మేత ధరల పెరుగుదల, 2025 ఆగస్టులో 50 శాతానికి చేరిన అమెరికా సుంకాలు చూసిన ఆక్వా రైతు మీద ఇంకో భారం మోపుతారా అని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. భారం ఇప్పుడు లేదనుకోవడం మాత్రం పొరపాటు. జియోలైట్ బస్తాలు, రాత్రి కరెంటు, నీటిమార్పిడి, వ్యాధితో ముందే పట్టిన పంట రూపంలో ఆ భారాన్ని ప్రతి రైతూ విడివిడిగా, లెక్క రాయకుండా మోస్తూనే ఉన్నాడు. కాలువలో చేపలు చచ్చిన మత్స్యకారుడు, ఉప్పెక్కిన బోరు నీళ్లు తాగే ఊరు కూడా మోస్తున్నారు. లెక్క రాస్తే భారం కొత్తగా పుట్టదు, ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది.

నాచు తొట్టి ఆక్వా రంగాన్ని ఒక్కసారిగా మార్చేయదు. కిలో చేపకు ఏడు కిలోల నాచన్న లెక్క దాన్ని ఎక్కడపడితే అక్కడ పెట్టనివ్వదు. కానీ తీరం వెంట పండుగప్ప తొట్లకు, హ్యాచరీలకు కొత్త అనుమతులు ఇచ్చే ముందు ప్రభుత్వం ఒక్క నిబంధన చేర్చగలదు: ఏడాదికి ఎంత నత్రజని వదులుతారో రాసివ్వాలి, అంతకు మించినదాన్ని నాచుతోనో మరో పద్ధతిలోనో తీసి చూపాలి. ఏ పద్ధతి ఎంచుకోవాలో పెంపకందారుకే వదిలేయాలి. అప్పుడు నాచు తొట్టి నిజంగా చౌకైనదైతే సబ్సిడీ లేకుండానే వస్తుంది. కాకపోతే ఆ సంగతి ప్రజాధనం వృథా కాకముందే తేలిపోతుంది.